నడవలేకపోవడం వేరు, ఆగలేకపోవడం వేరు: డిస్నీ పార్కుల ‘డాస్’ సేవ, మన ఇళ్ల లెక్కలో

హన్మకొండ, కరీంనగర్ నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలు, బాపులకు శంషాబాద్‌లో వీల్‌చైర్ పెట్టించడం ఇప్పుడు టికెట్ బుకింగ్‌లో ఒక భాగమైపోయింది. మోకాళ్ల నొప్పి ఉన్నా లేకున్నా సరే. దోహాలోనో దుబాయ్‌లోనో గేటు దొరకదేమోనన్న భయం ఒకటి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఇంగ్లిష్ గొడవ ఒకటి. కుర్చీ తోసే మనిషి లైన్ పక్కనుంచి తీసుకుపోయి బ్యాగుల బెల్టు దగ్గర దింపుతాడు, పని అయిపోతుంది. అదే లెక్కతో కొడుకు ఫ్లోరిడాలో డిస్నీ పార్కులున్న ఒర్లాండో తీసుకుపోయినప్పుడు అక్కడా ఒక కుర్చీ తీసుకుంటే లైన్ తప్పుతుందనుకుంటారు. తప్పదు. డిస్నీ పార్కులో వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్లు చాలా రైడ్లకు అందరితోపాటు అదే లైన్‌లో, అదే గంటన్నర, కుర్చీతో సహా ముందుకు జరుగుతూ పోవాలి.

ఈ ఒక్క విషయం తెలియక ప్రయాణం మొత్తం తప్పుగా ప్లాన్ చేసుకునే కుటుంబాలు ఉంటాయి. మరోవైపు, అక్కడి డాస్ అనే సేవ నిజంగా ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లల తల్లిదండ్రులు ‘మాకెందుకు వస్తుందిలే’ అని అడగకుండానే వదిలేస్తారు. అందుకే ఈ సమీక్ష.

డాస్ అంటే డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 2013 అక్టోబర్‌లో మొదలైంది. పైసా ఖర్చు లేదు. 2024లో, ఫ్లోరిడాలో మే 20 నుంచి, కాలిఫోర్నియాలో జూన్ 18 నుంచి, రూల్స్ బాగా బిగించారు. ఇప్పుడిది ఆటిజం లాంటి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం వల్ల మామూలు లైన్‌లో ఎక్కువసేపు ఆగలేనివాళ్లకు ఉద్దేశించింది. మోకాలి గుజ్జు అరిగినవాళ్లకు, పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడ్చేవాళ్లకు, గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు కాదు. వినడానికి కఠినంగా ఉంటుంది కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. నడవలేకపోవడం ఒకటి, నిలబడలేకపోవడం ఒకటి, ఆగలేకపోవడం ఒకటి. మొదటిదానికి చక్రం కావాలి. రెండోదానికి కూర్చునే చోటు కావాలి. మూడోదానికి చక్రం, కుర్చీ రెండూ పనిచేయవు, ఆ పిల్లవాడిని లైన్ బయటే ఉంచి అతని వంతును మాత్రం లైన్‌లో నిలబెట్టాలి. డాస్ చేసేది ఈ మూడోది ఒక్కటే.

తిరుపతిలో టైమ్ స్లాట్ సర్వదర్శనం టోకెన్ తీసుకున్నవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. టోకెన్ మీద సాయంత్రం 4 అని ఉంటే అప్పటిదాకా కంపార్ట్‌మెంట్‌లో కూర్చోనక్కర్లేదు, తినొచ్చు, పడుకోవచ్చు, 4 గంటలకు వెళ్లి లోపలికి నడవొచ్చు. 300 రూపాయల టికెట్ లాంటిది కాదిది, అది వేరే తోవ. డాస్ కూడా అంతే. రైడ్ ముందు బోర్డు మీద 70 నిమిషాలు అని ఉంది, టైమ్ 11 అయింది అనుకుందాం. ఫోన్ యాప్‌లో అడిగితే అటూ ఇటూగా 12 గంటలకు రమ్మని వస్తుంది. ఈలోపు బయట నీడకు కూర్చోవచ్చు, అన్నం తినొచ్చు, చిన్న లైన్ ఉన్న ఇంకో రైడ్ ఎక్కొచ్చు. 12 దాటాక లైట్నింగ్ లేన్ అనే పక్క లైన్‌లోంచి లోపలికి పోవాలి. అంటే ఎదురుచూపు ఏమీ తగ్గలేదు, ఎదురుచూసే చోటు మారింది. ఇది అర్థం కాక ‘డాస్ వచ్చింది, ఇక రోజుకు 20 రైడ్లు’ అని ఆశపడితే మధ్యాహ్నానికే నీరసం వస్తుంది.

నమోదు మామూలుగా పార్కు గేటు దగ్గర జరిగే పని కాదు. ప్రయాణానికి ముందే ఇంటి నుంచి వీడియో కాల్‌లో చేసుకోవాలి. ముందుగా యాప్‌లో ఖాతా తెరిచి, వెంట వచ్చేవాళ్లందరినీ కుటుంబం, స్నేహితుల జాబితాలో చేర్చి, టికెట్లు ఎవరివి వాళ్ల పేరుకు కలపాలి. ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. టికెట్లన్నీ కొడుకు పేరు మీదే కొని, మిగతావాళ్లను ‘గెస్ట్ 2, గెస్ట్ 3’ అని వదిలేస్తే డాస్‌లో చేర్చడానికి పేర్లు ఉండవు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా రాసి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. కాల్‌కు ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పలేం కాబట్టి ఆఫీసు మీటింగ్‌ల మధ్య పెట్టుకోవద్దు. పార్కుకు వెళ్లే రోజు పొద్దున పార్కింగ్‌లో నిలబడి చేద్దాంలే అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. సగం రోజు అక్కడే పోతుంది.

సేవ ఎవరి కోసమో ఆ మనిషి కాల్‌లో కనిపించాలి. పిల్లవాడు కెమెరా ముందు కూర్చోనక్కర్లేదు, గదిలో తిరుగుతూ ఉన్నా చాలు, చూపించమన్నప్పుడు చూపించగలగాలి. ఫోటో తీసుకుంటారు. డాక్టర్ కాగితాలు డిస్నీ అడగదు. కాబట్టి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్, వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు స్కాన్ చేసి పట్టుకు కూర్చున్నా ఇక్కడ వాటితో పని పడదు. పని పడేది మాటలతో.

ఆ మాటల దగ్గరే తెలుగు ఇళ్లు రెండు రకాలుగా దెబ్బతింటాయి. నలుగురిలో చెప్పుకోవడం అలవాటు లేక ‘మావాడు కొంచెం హైపర్, అంతే’ అని తగ్గించి చెప్పేవాళ్లు ఒక రకం. ఆ మాట వింటే ఎవరైనా లైన్‌లో ఫోన్ చేతికిచ్చి ఆగమనే చెబుతారు. జబ్బు పేరు ఒక్కటి చెప్పి ఊరుకునేవాళ్లు ఇంకో రకం. కాల్‌లో డిస్నీ మనిషికి కావాల్సింది పేరు కాదు, లైన్‌లో ఏం జరుగుతుందో. అది ముందే నాలుగు వాక్యాల్లో రాసుకోవాలి. ఎన్ని నిమిషాలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మొదలైతే ఏం చేస్తాడు, చెవులు మూసుకుంటాడా, నేల మీద పడుకుంటాడా, తాళ్ల కింద నుంచి దూరి పరుగెడతాడా, ముందువాళ్లను కొడతాడా. హెడ్‌ఫోన్, ఫోన్, చిరుతిండి, ఇష్టమైన బొమ్మ, ఇవి ఇప్పటికే వాడి చూస్తే ఎంతసేపు పనిచేశాయి. పక్క మనిషి భుజం తగిలితే ఏమవుతుంది. ఇంత వివరంగా చెబితే అవతలివాళ్లు నిర్ణయం తీసుకోగలుగుతారు. అమ్మానాన్నల్లో ఇంగ్లిష్ తడబడేవాళ్లు ఉంటే, రోజూ పిల్లవాడిని చూసేవాళ్లే విషయం చెప్పి, పక్కనున్నవాళ్లు దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టాలి. ఏడాదికొకసారి చూసే మేనమామ తనకు తోచింది చెబితే పని చెడుతుంది.

అబద్ధం జోలికి మాత్రం పోవద్దు. చెప్పింది నిజం కాదని తేలితే జీవితాంతం పార్కుల్లోకి రానివ్వరు, కొన్న టికెట్ల డబ్బు తిరిగి ఇవ్వరు అని రూల్‌లోనే రాశారు. ‘మా బాపుకు కూడా మతిమరుపు ఉందని చెప్పేద్దాం’ అనే బంధువుల సలహాకు ఇదే జవాబు.

డాస్ ఉన్న మనిషితో పాటు మామూలుగా ఇంకో ముగ్గురు, మొత్తం నలుగురు పోవచ్చు. సొంత కుటుంబమే అంతకంటే ఎక్కువమంది ఉంటే సడలింపు ఉంది. కానీ మనం నలుగురం పోతామా? డల్లాస్ నుంచి ఒక కుటుంబం, న్యూజెర్సీ నుంచి ఇంకోటి, ఇండియా నుంచి వచ్చిన రెండు జంటల వియ్యాలవారు, కలిపి 11 మంది. అందులో నలుగురు ఒక లైన్, ఏడుగురు ఇంకో లైన్. ఇది ముందురోజు రాత్రే హోటల్‌లో తేల్చుకోకపోతే రైడ్ గుమ్మం ముందు అలకలు తప్పవు. తేలికైన ఉపాయం ఏమిటంటే, డాస్ బుక్ చేసిన నిమిషానికే మిగతా ఏడుగురు మామూలు లైన్‌లో చేరిపోవడం. రెండు గుంపులూ లోపలికి చేరేది దాదాపు ఒకే టైమ్‌కు కాబట్టి బయటికి వచ్చాక ఒకళ్ల కోసం ఒకళ్లు కాయాల్సిన పని ఉండదు. డాస్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి తప్పకుండా రైడ్ ఎక్కాలి. పిల్లవాడిని నాయనమ్మ దగ్గర బయట కూర్చోబెట్టి పెద్దలు ఎక్కిరావడం కుదరదు.

ఒకేసారి ఒక్క రైడ్‌కే టైమ్ పట్టుకోవచ్చు. అది వాడాకో, రద్దు చేశాకో ఇంకోటి. డబ్బు పెట్టి కొనే లైట్నింగ్ లేన్ పాస్ దీనికి వేరు, రెండూ కలిపి వాడుకోవచ్చు. మొత్తం ఫోన్ మీదే నడుస్తుంది కాబట్టి పవర్ బ్యాంక్ తప్పనిసరి. ఇండియా సిమ్ ఉన్న పెద్దవాళ్ల ఫోన్ కాకుండా నెట్ ఉన్న ఫోన్‌లో ఖాతా తెరిచి ఉంచాలి, పార్కులో ఉచిత వైఫై ఉన్నా గుంపులో దాన్నే నమ్ముకోలేం. లైట్నింగ్ లేన్ అన్నారు కదా అని గుమ్మం నుంచి బండి దాకా ఖాళీగా ఉంటుందనుకోవద్దు. రద్దీ రోజున అందులోనూ పది, పదిహేను నిమిషాలు ఆగాల్సి రావచ్చు. ఆగలేని పిల్లవాడికి ఈ చివరి పది నిమిషాలే అసలు పరీక్ష. హెడ్‌ఫోన్, ఇష్టమైన తిండి, వాడిని మరిపించే వస్తువు పొద్దుటినుంచి వాడేయకుండా ఈ పది నిమిషాల కోసం దాచిపెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫ్లోరిడాలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, బయట తిరిగే రైడ్లు ఆపేస్తారు. అందుకే అలాంటివి పొద్దున పెట్టుకొని, కప్పు కింద ఉండేవి మధ్యాహ్నానికి ఉంచుకోవడం మేలు.

ఇంతవరకు ఆగలేనివాళ్ల సంగతి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది నడవలేనివాళ్లు, నిలబడలేనివాళ్లు. వాళ్లకు డాస్ కాదన్నాక మిగిలిందేమిటి? తక్కువేం కాదు.

పార్కులో కుర్చీ అద్దెకు దొరుకుతుంది. తోసే మనిషిని మాత్రం ఇవ్వరు. శంషాబాద్‌కు, ఇక్కడికి పెద్ద తేడా ఇదే. ఎప్‌కాట్ పార్కులో దేశాల మండపాలన్నీ చుట్టి వచ్చే బాటే సుమారు 2 కిలోమీటర్లు. 80 కిలోల బాపును ఆ ఎండలో తోసేది ఎవరో ముందే తేల్చుకోండి. బ్యాటరీ స్కూటర్ కూడా అద్దెకుంది, 18 ఏళ్లు నిండినవాళ్లే నడపాలి. అయితే ఎప్పుడూ స్కూటీ కూడా నడపని అమ్మకు మొదటిసారి ఆ గుంపులో ఇవ్వడం సరికాదు. ఇరుకు మలుపుల లైన్‌లో వెనక్కి తీయడం రాక ముందువాళ్ల మడమలకు గుద్దుతుంది. ఖాళీ చోట పావుగంట నేర్పి అప్పుడు లోపలికి తీసుకుపోవాలి.

రైడ్లు వీల్‌చైర్‌వాళ్లకు నాలుగు రకాలుగా ఉంటాయి, పార్కు గైడ్‌లో ప్రతిదానికి గుర్తు ఉంటుంది. కొన్నింటిలో కుర్చీతోనే పోవచ్చు. కొన్నింటికి స్కూటర్ దిగి కుర్చీలోకి మారాలి. కొన్నింటికి కుర్చీ కూడా దిగి రైడ్ సీట్లోకి మారాలి. కొన్నింటికి నడవగలగాలి. ఈ మూడో రకం దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే సిబ్బంది ఎత్తి కూర్చోబెట్టరు. చెయ్యి కూడా వేయరు. మన దగ్గర గుడి మెట్ల మీద నలుగురు కుర్రాళ్లు ‘పెద్దమ్మా, పట్టుకో’ అని కుర్చీతో సహా లేపుతారే, ఆ మర్యాద అక్కడ ఆశించొద్దు. మోటుతనం కాదది, ఎత్తేటప్పుడు పడితే ఎవరిది బాధ్యత అన్న భయం. కాబట్టి కుర్చీలోంచి మంచం మీదికి మారడం ఇంట్లోనే సాధన చేయించండి. కుర్చీ బ్రేకు వేయడం, పాదాల పలకలు మడిచి పక్కకు తీయడం, బలంగా ఉన్న కాలు సీటు వైపు ఉండేలా కుర్చీ తిప్పడం, సీటు అంచు పట్టుకొని జరగడం. కొన్నాళ్ల సాధనతో చాలామందికి వస్తుంది. స్పేస్ మౌంటెన్ లాంటి వేగం రైడ్లను వదిలేయండి. మాజిక్ కింగ్‌డమ్‌లో దానికి ఎత్తు కనీసం 44 అంగుళాలు ఉండాలి కాబట్టి చిన్న మనవడు ఎలాగూ ఎక్కలేడు, వాడికి తోడుగా అమ్మమ్మ బయట ఉండొచ్చు.

పాత రైడ్లలో ఒక మెలిక ఉంది. కాలిఫోర్నియా పార్కు 1955లో, ఫ్లోరిడాలో మాజిక్ కింగ్‌డమ్ 1971లో తెరిచారు. వికలాంగుల హక్కుల చట్టం అమెరికాలో వచ్చింది 1990లో. అంతకుముందు కట్టిన లైన్లలో కొన్ని కుర్చీ పట్టనంత ఇరుకు, కొన్నింటికి మెట్లు. అలాంటి చోట గుమ్మం దగ్గరి సిబ్బంది కుర్చీ చూసి లైన్ పొడవును బట్టి ఒక టైమ్ ఇస్తారు, ఆ టైమ్‌కు వేరే దారిన రమ్మంటారు. ముందుగా నమోదు అక్కర్లేదు. చూసేవాళ్లకు ఇది లైన్ తప్పించినట్టు కనిపిస్తుంది, కానీ ఇక్కడా ఎదురుచూపు అంతే.

నిలబడలేనివాళ్లకు, అంటే నడిస్తే నడుస్తారు కానీ పావుగంట ఒకచోట నిలబడితే నడుం పట్టేసేవాళ్లకు, అన్నిటికంటే మంచి వస్తువు సీటున్న నాలుగు చక్రాల వాకర్. లైన్ ఆగినప్పుడు బ్రేకు వేసి కూర్చోవచ్చు, కదిలితే లేవొచ్చు. కుర్చీ కంటే దీంతో పరువు పోయినట్టు అనిపించదు కూడా, అది చిన్న విషయం కాదు. ఇక బాత్రూంకు మాటిమాటికి పోవాల్సినవాళ్ల సంగతి. షుగర్, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న బాపుల్లో చాలామంది ఈ లెక్కే. లైన్ మధ్యలోంచి బయటికి వెళ్లి మళ్లీ తన వాళ్లను చేరుకోవడానికి వీలు ఉంది. లోపలికి వెళ్లేటప్పుడే గుమ్మం దగ్గర మనిషికి చెబితే తిరిగి ఎలా రావాలో చెబుతాడు. చెప్పకుండా వెళ్లి, తిరిగొచ్చి 50 మందిని తోసుకుంటూ ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటే అక్కడివాళ్లు ఊరుకోరు.

చిన్న పిల్లలకు మెదడు పక్షవాతం లాంటివి ఉండి కూర్చోబెట్టే బండిలోనే తిప్పాల్సి వస్తే, ఆ స్ట్రోలర్‌కు గెస్ట్ రిలేషన్స్ అనే సహాయ కౌంటర్ దగ్గర వీల్‌చైర్‌గా లెక్కించే ట్యాగ్ అడగాలి. అది లేకపోతే రైడ్ బయటే వదిలేయమంటారు. తిండి విషయంలో మాత్రం డిస్నీకి పూర్తి మార్కులు. గాజు సీసాలు, మద్యం తప్ప బయటి తిండి తెచ్చుకోనిస్తారు. పులిహోర, పెరుగన్నం, ఇన్సులిన్ చల్లగా ఉంచే ఐస్ ప్యాక్ అన్నీ లోపలికి పోతాయి. విడి ఐస్ ముక్కలు మాత్రం వద్దు.

ఇంకో ఊరట రైడర్ స్విచ్. మనవడు ఎక్కలేని రైడ్ దగ్గర ఒకళ్లు వాడితో బయట ఆగి, ఎక్కినవాళ్లు వచ్చాక మళ్లీ మొత్తం లైన్ కట్టకుండా తాము ఎక్కొచ్చు. వైకల్యంతో సంబంధం లేదు. డాస్ రానివాళ్లు దీన్ని సరిగా వాడితే సగం కష్టం తీరుతుంది.

పక్కనే ఉన్న యూనివర్సల్ పార్కులది వేరే పద్ధతి. అక్కడ ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే కార్డుకు ముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. కార్డు ఉచితమే, కానీ ఆధారం అడుగుతారు. అందుకే ఇండియా నుంచి బయలుదేరే ముందే డాక్టర్ దగ్గర లెటర్‌హెడ్ మీద టైపు చేసిన ఇంగ్లిష్ లేఖ తీసుకోండి, తేదీ, సంతకం, ముద్రతో. జబ్బు పేరుతో సరిపెట్టకుండా ‘రద్దీ లైన్‌లో ఎక్కువసేపు ఉండలేడు, కారణం ఇది’ అనే వాక్యం ఉండేలా అడగండి. కొక్కిరి రాతల మందుల చీటీ పంపితే పని జరగదు. పార్కుకు కనీసం 48 గంటల ముందు దరఖాస్తు అన్నది వాళ్ల నియమం, వారం ముందే చేసుకుంటే నిద్ర పడుతుంది. కాగితం అడగడం మంచిదా, అడగకుండా మాటల్లో తేల్చడం మంచిదా అంటే మా ఓటు కాగితానికే. మాటల్లో బాగా చెప్పగలిగినవాడిది, ఇంగ్లిష్ వచ్చినవాడిది పైచేయి కాకుండా అది కొంత ఆపుతుంది. కాగితం సంపాదించే తోవ అందరికీ ఒకేలా లేదన్న మాటా నిజమే.

డిస్నీ ఇంత బిగించడానికి కారణం 2013కు ముందటి పద్ధతి. అప్పుడు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు అని ఉండేది. అది ఉంటే చాలా రైడ్లకు పక్క దారిన ఎదురుచూపు లేకుండా పోవచ్చు, ఎన్నిసార్లయినా. 2013 మేలో న్యూయార్క్ పత్రికలో వార్త వచ్చింది, డబ్బున్న కుటుంబాలు వికలాంగులను గంటల లెక్కన కిరాయికి తెచ్చుకొని లైన్లు తప్పించుకుంటున్నాయని. అదే ఏడు కార్డు తీసేసి డాస్ తెచ్చారు. ఎదురుచూపును రద్దు చేసే కార్డు ఎంత చెరుపు చేస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. గంటకు 1200 మందిని ఎక్కించుకునే రైడ్ ఉంది, లైన్‌లో 600 మంది ఉన్నారు అనుకుందాం. సీట్లన్నీ ఆ లైన్‌కే ఇస్తే చివరి మనిషి అరగంటలో ఎక్కుతాడు. ప్రతి నాలుగు సీట్లలో మూడు పక్క లైన్‌కు పోతే ఈ 600 మందికి గంటకు 300 సీట్లే మిగులుతాయి, చివరి మనిషి 2 గంటలు నిలబడాలి. ఈ లైన్‌లో ఒక్క మనిషి కూడా కొత్తగా చేరలేదు, ఎదురుచూపు నాలుగింతలైంది. పైగా ఎదురుచూపు లేని మనిషి ఆ 2 గంటల్లో అదే రైడ్ ఆరేడు సార్లు ఎక్కగలడు. ఒకసారికి ఒకే టైమ్, అదీ లైన్ పొడవుకు సమానం అనే రూల్ ఆ తిరుగుడును ఆపడానికే.

ఆ రూల్ మీద ఆటిజం ఉన్నవాళ్ల కుటుంబాలు కోర్టుకు పోయాయి. తమవాళ్లు ఒకే వరుసలో, ఆగకుండా, ఒకే రైడ్ తిరిగి తిరిగి ఎక్కాల్సిన స్థితిలో ఉంటారని వాదించాయి. 2020లో ఫ్లోరిడాలో ఫెడరల్ జడ్జి డిస్నీ వైపే తీర్పు ఇచ్చారు. లెక్క ప్రకారం ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. 2024 మార్పు సంగతి వేరు. పేగు జబ్బులు ఉన్నవాళ్లు, ఎండలో నిలబడితే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు అంతకుముందు డాస్‌లో ఉండి ఇప్పుడు బయటపడ్డారు. వాళ్ల తరఫున 2025లో కాలిఫోర్నియాలో దావా పడింది. దొంగలను ఆపడానికి గేటు మూస్తే ఇంటివాళ్లు కొందరు బయట ఉండిపోయినట్టుంది. డాస్‌కు మా మార్కులు 5కు 3న్నర. ఆ ఒకటిన్నర పోయింది ఇక్కడే.

ఇక మన దగ్గర. హన్మకొండ నుంచి మూడు గంటల తోవలో, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రావిర్యాలలో, 2016లో వండర్‌లా తెరిచారు. అక్కడ లైన్ తగ్గాలంటే ఉన్నది ఫాస్‌ట్రాక్ టికెట్, అదనంగా డబ్బు పెట్టి కొనేది. డబ్బున్నవాడికి ముందు తోవ ఇవ్వడం వ్యాపారం, అందులో దాపరికం లేదు. కానీ దాన్ని వికలాంగుల సౌకర్యంగా ఎవరూ పొరబడొద్దు. ఏ పార్కుకైనా వెళ్లే ముందు ఫోన్ చేసి ఇవి అడగండి: కుర్చీ ఏ రైడ్ దగ్గర ఎక్కడిదాకా వస్తుంది, ప్లాట్‌ఫామ్‌కు ఎన్ని మెట్లు, నీళ్ల ఆటల దగ్గర బట్టలు మార్చుకునే గదిలో కుర్చీ తిరిగే చోటు ఉందా, తోడు మనిషికి పూర్తి టికెట్ కొనాలా. ‘అన్నీ ఉన్నాయి సార్, రండి’ అనే జవాబు జవాబు కాదు. మెట్లు ఎన్ని అని అంకె చెప్పించాలి.

సెలవుల్లో వరంగల్‌లో, నిజామాబాద్‌లో వెలిసే ఎగ్జిబిషన్లు డాస్ లాంటిది నడపడానికి యాప్ అక్కర్లేదు. ఒక గోడ గడియారం, ఒక చీటీల పుస్తకం చాలు. కొలంబస్ పడవలో ఒక విడతకు 40 మంది, ఎక్కించి దించడంతో కలిపి 6 నిమిషాలు అనుకుంటే గంటకు 400 మంది. లైన్‌లో 100 మంది కనిపిస్తే 15 నిమిషాల తర్వాతి టైమ్ వేసి చీటీ ఇవ్వాలి, ఆ పిల్లవాడు అమ్మతో బయట మిరపకాయ బజ్జీల దగ్గర ఉంటాడు. చెడేది ఎక్కడంటే, టైమ్ ఇష్టమొచ్చినట్టు వేయడం దగ్గర, చీటీ మీద పేరు రాయకపోవడం దగ్గర. పేరు లేని చీటీ పావుగంటలో చేతులు మారి అమ్మకానికి వస్తుంది. ఇంకోటి, సాయం కావాల్సిన మనిషిని ఎక్కించడానికి విడతకు 2 నిమిషాలు ఎక్కువ పడితే 6 నిమిషాలు 8 అవుతుంది, గంటకు 400 కాస్తా 300 అవుతుంది. అందుకని చీటీలవాళ్లను విడతకొకరిని కాకుండా నాలుగు విడతలకొకసారి ముగ్గురు నలుగురిని కలిపి ఎక్కించాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం వాటిలో ఉంది. ప్రైవేటు సేవలకూ అందుబాటు నియమాలు వర్తిస్తాయని చెప్పింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆ నియమాల్లో కొన్ని సలహాల్లాగే ఉన్నాయని, తప్పనిసరి ప్రమాణాలు వేరుగా రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ర్యాంపుకు అందరూ చెప్పే కొలత 1కి 12, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఎగ్జిబిషన్‌లో రైడ్ ప్లాట్‌ఫామ్ 3 అడుగులుంటే 36 అడుగుల ర్యాంపు కావాలి, పక్క స్టాల్ చోటు మొత్తం దానికే పోతుంది, ఏ కాంట్రాక్టరూ వేయడు. రెండు మలుపులుగా మడిచి వేస్తే ఒక్కో వరుస 12 అడుగుల్లో సర్దుకుంటుంది, వెడల్పు మాత్రం మూడు వరుసలు పడుతుంది, మలుపుల చోటు దానికి అదనం. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు చదరం వదలాలి. ర్యాంపు వేసి ఆ చదరం మరిస్తే కుర్చీ మొదటి మలుపులోనే ఇరుక్కుంటుంది.